కరువుసీమలో ఆవిరిబండ్లు: ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దారి విశేషాలు

ఆవిరి ఇంజన్ల రికార్డులు అనగానే 1938 జులై 3న ఇంగ్లండులో గంటకు 126 మైళ్ళ వేగం అందుకున్న 'మల్లార్డ్' పేరే ముందుగా చెబుతారు. ఆ కొలతతో చూస్తే గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు చేరే పాత మీటర్‌గేజ్ దారికి చెప్పుకోదగ్గ రికార్డు ఒక్కటీ దొరకదు. పట్టాల మధ్య ఎడం తక్కువ, ఇంజన్లు తేలిక, బండ్లు నిదానం. అయితే ఆవిరిబండికి కావలసినవి రెండే: బొగ్గు, నీళ్ళు. బొగ్గు వందల మైళ్ళ అవతలి గనుల్లో ఉంది. నీళ్ళా, దేశంలో బాగా తక్కువ వాన కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటి. అలాంటి నేల మీద, నీళ్ళు తాగితే తప్ప అడుగు కదపని యంత్రాలతో దశాబ్దాల తరబడి ఏ రోజు బండి ఆ రోజు నడిపారు. నా లెక్కలో ఈ దారి అసలు రికార్డు అదే. ఇక్కడ చెప్పే విశేషాల్లో చాలావరకు దాని చుట్టూ తిరిగేవే.

కరువు వేయించిన పట్టాలు

మద్రాసు నుంచి రాయచూరు వెళ్ళే బ్రాడ్‌గేజ్ లైను 1871 నాటికే పూర్తయింది. అది కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా జిల్లా ఉత్తరపు అంచును తాకుతూ పోయింది. దక్షిణాన ఉన్న ధర్మవరం, పెనుకొండ, హిందూపురం తాలూకాలకు రైలు లేదు. 1876–78లో పెద్ద కరువు వచ్చినప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చింది. ఓడల్లో వచ్చిన ధాన్యం రైలెక్కి స్టేషన్ల దాకా చేరింది. అక్కడి నుంచి ఊళ్ళకు చేర్చాల్సింది ఎద్దుబండ్లు. మేత లేక, నీళ్ళు లేక మనుషులకన్నా ముందు ఎద్దులే పడిపోతుంటే బండ్లు కట్టేదెవరు? గింజలు స్టేషన్లో ఉన్నా ఊళ్ళో మనుషులు చచ్చిపోయారు.

ఆ తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో, కరువు ప్రాంతాల కోసం ఇంకో 5,000 మైళ్ళ రైలుదారి తక్షణం కావాలని చెప్పింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను చేసింది కూడా ఆ ఏడాదే. 1892–93లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు మీటర్‌గేజ్ బండి నడిచింది. ఇంచుమించు అదే సమయానికి సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళు పాకాల నుంచి మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరం దాకా తమ మీటర్‌గేజ్ లైను తెచ్చి కలిపారు. లాభాలు లెక్కగట్టుకుని వేసే రైలుమార్గాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆకలిచావులు చూసి వేసిన కొద్ది మార్గాల్లో ఇదొకటి.

రికార్డుల్లో దీని పాత పేరు గుంతకల్లు–మైసూరు ఫ్రాంటియర్ లైను. హిందూపురం బ్రిటిష్ ఇండియా అంచు పట్టణం, ఆ దాపునే మైసూరు సంస్థానం మొదలు. ఇద్దరు ప్రభువుల నేల మీద ఒకే కంపెనీ బండి తిరిగేది. 1908 జనవరి 1న సదరన్ మరాఠా కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. పాతతరం వాళ్ళ నోట వినిపించే 'ఎం.ఎస్.ఎం.' అదే. 1944 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది, 1951 ఏప్రిల్ 14న అది సదరన్ రైల్వేలో భాగమైంది.

అంగడికన్నా 65 ఏళ్ళు ముందొచ్చిన మీటరు

1870లో వైస్రాయ్ లార్డ్ మేయో ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి సన్నపట్టాల వైపు మొగ్గింది. దేశమంతటా త్వరలో మెట్రిక్ కొలతలు రాబోతున్నాయని అప్పట్లో నమ్మకం. అందుకని పట్టాల ఎడాన్ని సరిగ్గా ఒక మీటరుగా నిర్ణయించారు. 1873 ఫిబ్రవరిలో ఢిల్లీ–రేవారీ మధ్య తొలి మీటర్‌గేజ్ బండి నడిచింది. పట్టాలు వచ్చాయి గానీ మెట్రిక్ కొలతలు రాలేదు. అవి మన అంగళ్ళలో అమలు కావడం మొదలైంది 1958 అక్టోబరులో. అంటే ధర్మవరం నేతగాళ్ళు చీరను గజాల్లో, మూరల్లో కొలుస్తున్న కాలానికి, హిందూపురం వర్తకులు బెల్లాన్ని మణుగుల్లో తూస్తున్న కాలానికి, వాళ్ళ ఊరి స్టేషన్లో మాత్రం కచ్చితమైన మీటరు కొలత నేల మీద పరిచి ఉంది.

బ్రాడ్‌గేజ్ ఎడం 1,676 మిల్లీమీటర్లు. అందులో మీటర్‌గేజ్ మూడింట రెండొంతులు కూడా లేదు. పట్టా తేలిక, వంతెన తేలిక, కాబట్టి వాటి మీద నడిచే ఇంజనూ తేలికగానే ఉండాలి. ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు మోపవచ్చన్నదే ఇంజన్ తయారుచేసే వాడికి మొదటి షరతు. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన గొప్ప ప్యాసింజర్ ఇంజన్లలో బ్రాడ్‌గేజ్ డబ్ల్యూపీ ఒక్కో ఇరుసుకు 18.5 టన్నులు మోపితే, మీటర్‌గేజ్ వైపీకి అనుమతి పదిన్నర టన్నులే. అంత తేలిక ఒంటితో అన్ని పెట్టెలు లాగడం చిన్న విద్య కాదు.

ఏ ఇంజన్లు లాగాయి?

ఆవిరి ఇంజన్‌ను దాని చక్రాల లెక్కతో గుర్తుపడతారు. ముందు దారి చూపే చిన్న చక్రాలు, నడుమ ఆవిరి బలంతో తిరిగే పెద్ద చక్రాలు, వెనుక బరువు మోసే చిన్న చక్రాలు, ఈ వరసలో మూడు అంకెలు. పందొమ్మిదో శతాబ్దం చివర మీటర్‌గేజ్ కంపెనీలకు చేతికందిన పనిముట్టు 'ఎఫ్' తరగతి 0-6-0. ఉన్న ఆరు చక్రాలూ లాగేవే. సరుకు పెట్టెలు, మనుషుల పెట్టెలు కలిపి నడిపే మిక్స్‌డ్ బండికి అది సరిపోయేది. మెయిలు, ప్యాసింజరు బండ్లకు 'ఓ' తరగతి 4-4-0 వచ్చింది. ముందు నాలుగు చిన్న చక్రాలు వంపుల్లో బండిని నిలకడగా తిప్పితే, వెనుక నాలుగు పెద్ద చక్రాలు లాగేవి.

ఎఫ్ తరగతికి ఒక జాతీయ రికార్డు ఉంది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి రైలింజన్ ఆ తరగతిదే. 1895లో అజ్మీర్ వర్క్‌షాపులో కట్టిన 734 నంబరు ఇంజన్ అది. గుంతకల్లు–బెంగళూరు లైను తెరిచిన రెండేళ్ళకే ఈ ఘనత జరిగింది. అయినా తర్వాత అర్ధశతాబ్దం పాటు ఇంజన్లు ఎక్కువగా బ్రిటన్ నుంచే వచ్చాయి. 1903లో గ్లాస్గో చుట్టుపక్కల మూడు పెద్ద కర్మాగారాలు కలిసి నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ అయ్యాయి. యూరప్ మొత్తంలో అంత పెద్ద ఇంజన్ల తయారీదారు అప్పట్లో లేడు. మనవాళ్ళే సొంతంగా కట్టగలమని అజ్మీర్‌లో చూపించాక కూడా ఆర్డర్లు గ్లాస్గోకే వెళ్ళడం నాకు ఈనాటికీ బాధ కలిగించే విషయం. చేసే చేతులు మన దగ్గర ఉన్నాయి, చేయనిచ్చే ప్రభుత్వమే లేదు.

ఒక్కో కంపెనీ ఒక్కో రకం తెప్పించుకుంటే విడిభాగాలు ఒకదానివి ఒకదానికి పనికిరావు. ఈ చిక్కు తీర్చడానికి 1903 నుంచి బ్రిటిష్ ప్రమాణాల సంఘం ఇండియా కోసం ఉమ్మడి నమూనాలు గీసింది. మీటర్‌గేజ్‌కు ప్యాసింజర్ ఇంజన్ 4-6-0, మిక్స్‌డ్ బండికి మరో 4-6-0, గూడ్సుకు 4-8-0. లాగే చక్రాలు నాలుగు నుంచి ఆరయ్యాయి. బరువు మూడు ఇరుసుల మీద పంచుకోవడంతో పట్టా మీద భారం పెంచకుండానే ఇంజన్ బలం పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో దక్షిణాది మీటర్‌గేజ్ మెయిళ్ళకు ఇదే వరస.

అదే కాలంలో వచ్చిన ఇంకో మార్పు బయటికి కనిపించదు గానీ మన కరువు నేలకు అన్నిటికన్నా మేలు చేసింది. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ష్మిట్ రూపొందించిన సూపర్‌హీటర్ అది. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి తడిగా ఉంటుంది. సిలిండరు గోడ తగలగానే అందులో కొంత మళ్ళీ నీరైపోయి వృథా. ఆ ఆవిరినే సన్నగొట్టాల్లో రెండోసారి వేడి పొగ మధ్య నుంచి తిప్పితే పొడిగా, బలంగా మారుతుంది. అదే పనికి తక్కువ బొగ్గు, తక్కువ నీళ్ళు చాలు. నీళ్ళు ఆదా అన్న మాట బ్రిటన్‌లో పొదుపు. పెనుకొండ దగ్గర అది బతుకు.

1920లలో దేశమంతటికీ కొత్త ప్రమాణాలు వచ్చాయి. బ్రాడ్‌గేజ్‌కు ఎక్స్, మీటర్‌గేజ్‌కు వై, ఇంకా చిన్న గేజ్‌కు జెడ్. వైబీ, వైసీ అనే 4-6-2 ప్యాసింజర్ ఇంజన్లు ఆ కుటుంబానివే. వెనుక రెండు చిన్న చక్రాలు చేరడంతో నిప్పుగూడును వెడల్పుగా కట్టే వీలు కలిగింది. బూడిద ఎక్కువున్న మన బొగ్గుకు వెడల్పాటి నిప్పుగూడే సరి.

ఈ వంశంలో చివరిది, అతిపెద్ద సంతతి ఉన్నది వైపీ. 1949 నుంచి 1970 వరకు 871 వైపీలు తయారయ్యాయి, చివరివి జంషెడ్‌పూర్ టెల్కోలో. దాని లాగే చక్రం అడ్డుకొలత 1,372 మిల్లీమీటర్లు. అన్నదమ్ముల వరసైన గూడ్సు ఇంజన్ వైజీకి 1,219. ఈ తేడాలో ప్యాసింజర్ ఇంజన్ స్వభావమంతా ఉంది. వైపీ చక్రం కిలోమీటరుకు 232 చుట్లు తిరిగితే, వైజీ చక్రం 261 తిరగాలి. పెద్ద చక్రం వేగానికి, చిన్న చక్రం బలానికి. వైపీ గంటకు 60 కిలోమీటర్ల మీద పోతుంటే చక్రం నిమిషానికి 232 చుట్లు. ఒక్కో చుట్టుకు పొగగొట్టంలోంచి నాలుగు ఊపిర్లు. అంటే సెకనుకు పదిహేనుకు పైగా. అందుకే స్టేషన్ వదిలేటప్పుడు విడివిడిగా లెక్కపెట్టగలిగిన ఛుక్ ఛుక్‌లు, వేగం అందుకున్నాక కలిసిపోయి ఒకే హోరు అవుతాయి.

ఒక కిలో బొగ్గుకు ఆరేడు కిలోల నీళ్ళు

ఆవిరిబండి బొగ్గుతో నడుస్తుందని అంటాం. తూకం వేస్తే అది నీళ్ళతోనే ఎక్కువ నడుస్తుంది. ఒక కిలో బొగ్గు మండితే ఆరేడు కిలోల నీరు ఆవిరై పొగగొట్టంలోంచి ఆకాశంలో కలుస్తుంది. తిరిగి రాదు. వైపీ టెండరులో 13,000 లీటర్లకు పైగా నీళ్ళు పట్టేవి, అయినా దారిలో మళ్ళీ మళ్ళీ నింపుకోవాల్సిందే. అంతకుముందు తరం చిన్న ఇంజన్లకు ఇంకా తరచుగా కావాలి. అందుకే పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫారం చివర ఇనుప వాటర్ కాలమ్, దాని మెడకు వేలాడే తోలు లేదా కాన్వాసు గొట్టం, కాస్త ఎడంగా ఎత్తు స్తంభాల మీద ఇనుప ట్యాంకు. ఫైర్‌మన్ టెండరెక్కి గొట్టం లోపలికి దించి కేకేస్తే కింద ఉన్న మనిషి చక్రం తిప్పేవాడు.

ఆ నీళ్ళు ఎక్కడివి? పెన్న, చిత్రావతి రెండూ నంది కొండల్లో పుట్టి ఈ జిల్లాలోకి వచ్చేవే. ఏడాదిలో ఎక్కువ నెలలు వాటిలో కనిపించేది ఇసుకే. కాబట్టి చెరువులు, బావులే దిక్కు. బావినీళ్ళలో ఇంకో చిక్కు ఉంది. సీమ భూగర్భజలంలో లవణాలు ఎక్కువ. మనుషులు ఉప్పునీళ్ళని వదిలేసిన బావిని ఇంజనూ ఇష్టపడదు. నీరు ఆవిరవుతుంటే లవణాలు వెనకబడి బాయిలర్ లోపల గార కడతాయి. ఇంట్లో నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లగా పేరుకునే గారే అది. కాకపోతే ఇక్కడ దాని పక్కన వెయ్యి డిగ్రీలు దాటిన నిప్పుంటుంది. గార అడ్డుపడితే నిప్పు వేడి నీటికి అందదు, ఇనుప పలక తానే వేడెక్కి మెత్తబడుతుంది. ఇంకోవైపు, కరిగిన లవణాలు ఎక్కువైతే నీరు నురగ కక్కుతుంది. ఆ నురగ ఆవిరితోపాటు సిలిండరులోకి దూరితే ఇంజన్‌కు దెబ్బ.

దీనికి మందు షెడ్డులో వాష్‌అవుట్. రోజుల తరబడి మండిన ఇంజన్‌ను ఆర్పి, చల్లార్చి, బాయిలర్ చుట్టూ ఉన్న ప్లగ్గులన్నీ విప్పి, నీటి ధారతో, పొడవాటి కడ్డీలతో లోపలి గారను, బురదను గీకి బయటికి తోస్తారు. నీళ్ళు మంచివైతే వాష్‌అవుట్ల మధ్య ఎడం పెరుగుతుంది, చెడ్డవైతే తగ్గుతుంది. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటిన కొద్దీ లవణాల పాళ్ళు పెరుగుతాయి, ఆ పని ఇంకా బరువవుతుంది. వేగానికి కప్పులిచ్చారు, వాష్‌అవుట్ చేసిన చేతులకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఈ దారిలో బండ్లు టయానికి నడిచాయంటే సగం ఘనత వాళ్ళదే.

ఇంజన్ మీద డ్రైవరు కన్ను ఎప్పుడూ వదలని వస్తువు గేజ్ గ్లాసు. నిలువుగా బిగించిన గాజుగొట్టంలో బాయిలర్ నీటిమట్టం కనబడుతుంది. మట్టం తగ్గి నిప్పుగూడు కప్పు బయటపడితే ప్రమాదం. అందుకే ఆ కప్పులో సీసం నింపిన ప్లగ్గు పెట్టేవారు. నీళ్ళు తగ్గి కప్పు వేడెక్కగానే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి ఆర్పబోతుంది, సిబ్బందికి హెచ్చరిక అందుతుంది. సీసం కరిగించుకున్నాడన్న మాట డ్రైవరుకు పెద్ద తలవంపు.

నికరంగా అరకిలోమీటరు ఎక్కుడు

ధర్మవరం సముద్రమట్టానికి 400 మీటర్ల లోపే ఉంది. హిందూపురం 600 దాటుతుంది. బెంగళూరు ఇంచుమించు 900. అంటే బండి ధర్మవరంలో బయల్దేరి బెంగళూరు చేరేసరికి నికరంగా 500 మీటర్లకు పైగా పైకి ఎక్కాలి. 200 టన్నుల బండిని 550 మీటర్లు పైకి లేపడానికే ఎంత బొగ్గు కావాలో లెక్క వేసి చూశాను. నిప్పులోని శక్తిలో ఆరు శాతం మాత్రమే లాగడానికి దక్కుతుందనుకుంటే, మంచి బొగ్గయినా దాదాపు ముప్పాతిక టన్ను. దానికి నాలుగైదు వేల లీటర్ల నీళ్ళు. పట్టాల రాపిడికి, గాలికి, ఆగి కదలడానికి అయ్యేది వేరే. ఆ బొగ్గంతా ఒక మనిషి పారతో, ఊగే ఇంజన్ మీద నిలబడి, నిప్పుగూటి మూలమూలకూ సమంగా పడేలా విసరాలి. మే నెలలో అనంతపురం ఎండ సంగతి తెలిసినవాళ్ళకు ఆ పని ఎంతటిదో వివరించనక్కర్లేదు.

ఈ దారిలో ఘాటంటే మాకళిదుర్గ. గౌరిబిదనూరు, తొండెబావి దాటాక బండి కొండల నడుమ మెలికలు తిరుగుతూ ఒడ్డరహళ్ళి, దొడ్డబళ్ళాపురం వైపు ఎక్కుతుంది. తడి పట్టా మీద చక్రం పట్టు తప్పి ఒక్కచోటే గిర్రున తిరిగితే డ్రైవరు రెగ్యులేటరు తగ్గించి, పట్టా మీదికి ఇసుక వదులుతాడు. ఇంజన్‌కు బిగించిన ఇసుకపెట్టె ఉన్నది అందుకే. నీళ్ళు కాకపోయినా, ఇసుక మాత్రం మన ఏరు ఆవిరిబండికి ఎంతైనా ఇవ్వగలదు.

దక్షిణాది రైళ్ళకు బొగ్గు పంపిన గనుల్లో ముఖ్యమైనది మన సింగరేణి. 1880ల చివర ఇల్లెందులో తవ్వకం మొదలైంది. అంతకుముందు మద్రాసు వైపు ఇంజన్లు కట్టెలతో నడిచిన కాలం ఒకటుంది. తూర్పుతీరంలో సరుగుడు తోటలు పెంచడానికి రైలు ఇంజన్లకు కట్టెల అవసరమే పెద్ద కారణం.

తొమ్మిది నిమిషాలు వెనుక నడిచిన గడియారం

1905 దాకా మన దేశంలో రైళ్ళన్నీ మద్రాసు టైము ప్రకారం నడిచేవి. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఉమ్మడి కాలం అమలైంది. మద్రాసు టైము దానికన్నా సుమారు తొమ్మిది నిమిషాలు వెనుక. ధర్మవరంలో సూర్యుడి లెక్క ఇంకా వేరు. ఆ ఊరి రేఖాంశం ప్రకారం సూర్యుడు నడినెత్తిన ఉండే వేళ ఇప్పటి గడియారానికి దాదాపు 19 నిమిషాల తేడా. పొద్దును చూసి స్టేషనుకు బయల్దేరే పల్లెజనం గంటల ముందే వచ్చి చెట్టుకింద మూటలు దించుకుని కూర్చునేవారంటే అందులో ఆశ్చర్యం లేదు.

టోకెను, గేటు

ఒంటి లైను మీద ఎదురెదురు బండ్లు ఢీకొనకుండా కాపాడింది ఒక చిన్న లోహపు గుండు. నీల్స్ బాల్ టోకెన్ అంటారు. రెండు స్టేషన్ల మిషన్లు తీగతో ముడిపడి ఉంటాయి. అవతలి స్టేషన్‌మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతల ఒక గుండు బయటికి వస్తుంది, అది మళ్ళీ మిషన్లో పడేదాకా రెండోది రాదు. ఆ గుండు చేతిలో లేకుండా డ్రైవరు ముందుకు కదలకూడదు. ఆగని బండికైతే గుండును తోలుసంచిలో వేసి, పేము వలయానికి కట్టి, పోర్టరు ప్లాట్‌ఫారం మీద చెయ్యెత్తి నిలబడతాడు. పాత టోకెను వలయం కిందికి విసిరి, కొత్తదాన్ని మోచేతిలోకి అందుకోవడం ఫైర్‌మన్ చేసే పని. రాత్రిపూట కాగడా వెలుగులో కూడా.

గేటుమన్ గురించి చెప్పకుండా ఈ లైను కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. 1893 అక్టోబరు 4న గుంతకల్లులో తెల్ల సిపాయిలు తరుముకొచ్చిన ఇద్దరు స్త్రీలకు రైల్వే గేటుమన్ హంపన్న తన గేటుగదిలో చోటిచ్చి అడ్డంగా నిలబడ్డాడు. ఒక సిపాయి కాల్చిన గుండుకు ప్రాణం వదిలాడు. గుత్తి కేశవ పిళ్ళె ఈ సంగతి పత్రికకెక్కించి న్యాయం కోసం పోరాడారు. అయినా మద్రాసు హైకోర్టులో నిందితుడు విడుదలయ్యాడు. జనం చందాలు వేసుకుని హంపన్నకు స్మారకం కట్టుకున్నారు. ఈ దారిలో తొలి బండ్లు నడిచిన రోజుల్లోనే ఇది జరిగింది.

ధర్మవరం నుంచి మూడు సముద్రతీరాలకు

పట్టుచీరల ఊరికి అంత పెద్ద జంక్షన్ పేరు రావడానికి మీటర్‌గేజే కారణం. ధర్మవరంలో ఎక్కినవాడు గేజ్ మారకుండా ఎంతదూరం పోవచ్చో మ్యాపు ముందేసుకుని చూస్తే కళ్ళు తిరుగుతాయి. గుంతకల్లు చేరితే అక్కడ పడమటికి బళ్ళారి, హుబ్లీ, లోండా, కాసిల్‌రాక్ మీదుగా గోవాలోని మార్మగోవా రేవు. తూర్పుకు నంద్యాల, గుంటూరు, బెజవాడ, అక్కడి నుంచి 1908లో తెరిచిన లైనులో మచిలీపట్నం. ధర్మవరం నుంచే దక్షిణానికి కదిరి, పాకాల, కాట్పాడి, విల్లుపురం మీదుగా పోతే, 1914 ఫిబ్రవరిలో తెరిచిన పంబన్ వంతెన దాటి ధనుష్కోటి. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెన దేశంలో సముద్రం మీద కట్టిన మొదటి రైలువంతెన. ధనుష్కోటిలో ఓడెక్కితే సింహళం. అరేబియా సముద్రం, బంగాళాఖాతం, మన్నారు సింధుశాఖ, మూడింటికీ ఒకే గేజ్ మీద దారి.

ఉత్తరాన ద్రోణాచలం, కర్నూలు మీదుగా సికింద్రాబాదుకు కూడా 1920ల చివర మీటర్‌గేజ్ కలిసింది. కాచిగూడ నుంచి తిరుపతి వెళ్ళే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ మీటర్‌గేజ్ రోజుల్లో ధర్మవరం, కదిరి, పాకాల మీదుగానే పోయేది. పెనుకొండది ఇంకో రకం రద్దీ. పుట్టపర్తికి దగ్గర స్టేషను లేని కాలంలో సత్యసాయి భక్తులు పెనుకొండలోనో ధర్మవరంలోనో దిగి ఎద్దుబండ్లు, బస్సులు పట్టుకునేవారు. ప్రశాంతి నిలయం స్టేషనుతో ధర్మవరం–పెనుకొండ మధ్య కొత్త లైను 2000 నవంబరులో వచ్చింది.

మీటరు పట్టాల ప్రపంచ రికార్డులు

మన మీటర్‌గేజ్ సముద్రాలు దాటింది. 1896లో మొంబాసా నుంచి ఉగాండా రైల్వే వేయడం మొదలుపెట్టినప్పుడు అదే గేజ్ ఎంచుకోవడానికి కారణం ఇండియా నుంచి సామాను, ఇంజన్లు, మనుషులు సులువుగా దొరకడం. 32,000 మంది దాకా భారతీయ కూలీలు వెళ్ళారు, దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. తొలినాటి ఇంజన్లలో కొన్ని ఇండియాలో వాడి పంపినవే. ఆ లైను మీదే 1955లో ప్రపంచంలో అతిపెద్ద మీటర్‌గేజ్ ఆవిరి ఇంజన్లు దిగాయి. 59 తరగతి గారెట్లు అవి. మాంచెస్టరులో బేయర్ పీకాక్ 34 కట్టింది. ఒక్కోటి 250 టన్నుల పైమాటే. ఒక పొడవాటి బాయిలరుకు ముందొకటి వెనుకొకటి రెండు ఇంజన్ల చక్రాలు తగిలించినట్టు ఉంటుంది, ఒక్కోదానికి తూర్పు ఆఫ్రికాలోని ఒక్కో కొండ పేరు పెట్టారు. మన దారిలో వైపీ ఇరుసుకు పదిన్నర టన్నులతో సరిపెట్టుకుంటుంటే, ఇదే ఎడమున్న పట్టాల మీద అక్కడ ఇరుసుకు ఇరవై టన్నులకు పైగా మోపారు. పట్టా ఎడం కాదు, పట్టా బరువే హద్దు అని ఆ ఇంజన్లు చూపించాయి.

వేగంలో సన్నపట్టాల ఆవిరి ఇంజన్ల రికార్డు జపానుది. మీటరు కన్నా 67 మిల్లీమీటర్లు మాత్రమే వెడల్పయిన గేజ్ మీద 1954 డిసెంబరు 15న సీ62 తరగతి 17వ నంబరు ఇంజన్ గంటకు 129 కిలోమీటర్లు అందుకుంది.

ఇంకొకటి మన కంపెనీ ఇంటి రికార్డే. సదరన్ మరాఠా రైల్వే తన మీటర్‌గేజ్ ఇంజన్ల పెద్ద వర్క్‌షాపును హుబ్లీలో పెట్టుకుంది. ఆ హుబ్లీ స్టేషన్లో 2023 మార్చిలో ప్రారంభమైన 1,507 మీటర్ల ప్లాట్‌ఫారం ఇప్పుడు ప్రపంచంలోనే పొడవైనది.

ఎక్కడ చూడొచ్చు?

గుంతకల్లు–బెంగళూరు లైను 1980ల మొదట్లో బ్రాడ్‌గేజ్ అయింది. ధర్మవరం–పాకాల మధ్య 227 కిలోమీటర్ల మీటర్‌గేజ్ మాత్రం డీజిలుతో చాలా ఏళ్ళు సాగి, 2010లో బ్రాడ్‌గేజ్‌గా మారింది. ఆవిరి ఇంజన్లను కళ్ళారా చూడాలంటే మనకు దగ్గరి చోటు మైసూరు రైలు మ్యూజియం. 1979లో పెట్టారు, మీటర్‌గేజ్ ఇంజన్లు అందులో దగ్గరగా నిలబడి చూడొచ్చు. అజ్మీరులో పుట్టిన ఎఫ్-734 ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది.  మన సీమ నుంచి వెళ్ళేవాళ్ళు ముందు ఎఫ్-734 దగ్గర ఆగి, దాని చక్రాల మధ్య ఎడం ఒకసారి చూడండి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దారి కొలత కూడా సరిగ్గా అంతే ఉండేది.